ఈ క్రిస్మస్‌కి లేసు అల్లే అక్కల మీద బుర్రకథ: చర్చిలో చెప్పొచ్చా?

కాలువగట్టు_కుర్రాడు · నవంబర్ 3, రాత్రి 9:20

అందరికీ వందనాలండి. మాది నరసాపురం పక్కన చిన్న ఊరు. మా సంఘంలో యవ్వనస్థుల కూటానికి ఈ ఏడాది నేను సెక్రటరీని. ఏటా క్రిస్మస్ రాత్రి నాటిక వేస్తాం. గొర్రెల కాపరులు, జ్ఞానులు, హేరోదు, చివర్లో పశువుల పాక. ఊరంతా వస్తుంది, పిల్లల్ని ఆ వేషాల్లో చూసి మురిసిపోతారు. ఆ నాటిక అంటే నాకూ ఇష్టమే.

ఈసారి కూటంలోని ఆడపిల్లలు వేరే మాట తెచ్చారు. "ప్రభువు బల్ల మీద పరిచే లేసు గుడ్డ మా అమ్మలు అల్లిందే. ఆ పనికి వాళ్ళకి ఏం ముడుతుందో చర్చిలో ఎప్పుడైనా ఎవరైనా మాట్లాడారా?" అని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పట్నుంచి లేసు పని మీద బుర్రకథ కట్టి క్రిస్మస్ రాత్రి చెప్పాలని అనుకుంటున్నాం.

సంఘ పెద్దలతో చెప్తే ఇద్దరు సరే అన్నారు, మిగతావాళ్ళు "చర్చిలో రాజకీయాలు వద్దు" అన్నారు. అసలు ఇబ్బంది ఇంకొకటుంది. మా ఊరి అక్కలకి దారం ఇచ్చి సరుకు తీసుకెళ్ళే ఏజెంటు గారు మా సంఘంలోనే పెద్దమనిషి. చర్చికి రేకులు మార్చినప్పుడు ఎక్కువ కానుక ఇచ్చింది ఆయనే. వరదప్పుడు ఇంటింటికీ బియ్యం పంపింది కూడా ఆయనే. ఆయన్ని నలుగురిలో నిలదీయడం మా ఉద్దేశం కాదు. అలాగని అక్కల సంగతి మింగేసి ఇంకో ఏడాది పశువుల పాక కట్టడానికీ మనసు రావట్లేదు.

మీ సంఘాల్లో ఇలాంటిది ఎవరైనా చేశారా? వాక్యం ప్రకారం ఇది తప్పా? బుర్రకథ కట్టడం తెలిసినవాళ్ళు ఉంటే ఎలా మొదలుపెట్టాలో చెప్పండి.

పాలకొల్లు_మాస్టారు · నవంబర్ 3, రాత్రి 10:45

బాబూ, మీ ఆడపిల్లలు అడిగిన ప్రశ్నకి నూట ఎనభై ఏళ్ళ వయసుంది.

మన గోదావరి డెల్టాకి 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే ఇంగ్లీషు మిషనరీ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు వచ్చారు. నరసాపురం, పాలకొల్లు వైపు వాళ్ళు పెట్టిన పనే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. ఆ తర్వాత 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్‌రే దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి లేసు అల్లడం నేర్పారని చెప్తారు. మొదట నేర్చుకున్నది మాల, మాదిగ పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్న బీద కుటుంబాల స్త్రీలు. కరువుల కాలం అది. చేతిలో ఒక పని ఉంటే పిల్లలకి గంజి అయినా దొరుకుతుందని నేర్పారు. విశ్వాసం, న్యాయం, కళ మూడూ ఆ ఒక్క సూది మొనలోనే మన ఊళ్ళకి వచ్చాయి. చర్చికి సంబంధంలేని విషయం మీరు తెస్తున్నారని ఎవరైనా అంటే ఈ చరిత్ర చెప్పండి.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. పని పెరిగి వ్యాపారమైంది. బయట కూలికి వెళ్ళని కాపు ఇళ్ళలోకీ పాకింది. సరుకు విదేశాలకి పోయింది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి, ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి చూసి, 1982లో పుస్తకం వేశారు. ఆవిడ తేల్చింది ఒకటే. ఇంటి చాకిరీ అంతా చేసి, ఆపైన రోజూ గంటల తరబడి లేసు అల్లే మనిషిని ఎవరూ కార్మికురాలు అనరు. "ఇంట్లో కూర్చుని ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంటుంది" అంటారు. ఖాళీ సమయంలో చేసేదానికి కూలి ఏమిటి, ఇచ్చింది పుచ్చుకోవాలి అన్నది లోకం తీర్పు. వ్యాపారం చేసే మగవాళ్ళ పేర్లు బోర్డుల మీదకి ఎక్కాయి, అల్లినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

వాక్యం అడిగారు. దేవుడు తన ఆత్మతో నింపానని పేరు పెట్టి చెప్పిన తొలి మనుషుల్లో బెసలేలు ఒకడు. నిర్గమకాండం 31 తీసి చూడండి. అతను రాజు కాదు, యాజకుడు కాదు. చేతిపనివాడు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో బిగబట్టిన కూలి తనంతట తనే మొర పెడుతుంది, ఆ మొర సైన్యాలకు అధిపతియైన ప్రభువు చెవిలో పడుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మీ బుర్రకథ అక్కడే ఉంది.

సంఘ_సేవకుడు · నవంబర్ 4, ఉదయం 6:10

వందనాలు తమ్ముడూ. అమలాపురం వైపు చిన్న సంఘానికి కాపరిని. మాస్టారు చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా కాదనను. ఆమోసు 5లో మీ పాటల చప్పుడు నాకొద్దు, న్యాయాన్ని నీళ్ళలా పారనివ్వండి అని దేవుడే అన్నాక, న్యాయం గురించి చర్చిలో మాట్లాడకూడదని నేనెలా చెప్తాను?

నా భయం వేరే. మీరు బుర్రకథ చెప్తారు, జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు, చప్పట్లు కొడతారు. తెల్లారి ఏజెంటు గారు దారం ఇవ్వడం మానేస్తే? ఆ రాత్రి మీకు పేరు వస్తుంది, ఆ అక్కలకి పని పోతుంది. వాళ్ళకి ఇంకో ఏజెంటు ఉన్నాడా? ఇది ముందు తేల్చుకోండి.

రెండోది, మత్తయి 18. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమన్నాడు ప్రభువు. ఏజెంటు గారితో ఎవరైనా అలా మాట్లాడారా? ఆయన కూడా తన పై వ్యాపారి దగ్గర సరుకు ధరకి బేరమాడలేక నలుగుతున్నాడేమో. కాటన్ దొరగారిని చూడండి. భక్తిపరుడు, ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి ముగించాడు. ఎవర్నీ నిందించకుండా పని చేసి చూపించాడు. డెల్టా ఇవాళ్టికీ అన్నం తింటోంది.

డప్పు_దరువు · నవంబర్ 4, మధ్యాహ్నం 1:35

అయ్యగారూ, కాటన్ దొర అంటే మా ఇంట్లోనూ గౌరవమే. ఆ నీళ్ళు లేకపోతే డెల్టా లేదు. కానీ ఆ కాలువలు తవ్విన చేతుల్లో మా ముత్తాతలవీ ఉన్నాయి. నీళ్ళు పారిన భూమి మాత్రం వాళ్ళకి రాలేదు. మంచి పని జరిగినా పంపకం దగ్గర మాట్లాడేవాడు లేకపోతే ఏమవుతుందో దానికి ఉదాహరణ కూడా అదే.

తమ్ముడూ, మాది రాజోలు వైపు. మా సంఘం చేసిన పని చెప్తా, ఉపయోగపడితే తీసుకో. మా పల్లెకి శ్మశానం ఏటిగట్టు అవతల ఉంది. దారి పొలాల మధ్య నుంచి. వానాకాలం ఎవరైనా చనిపోతే శవాన్ని మొల లోతు బురదలో మోసుకెళ్ళేవాళ్ళం. దాని మీద మా కుర్రాళ్ళు వీధి నాటకం కట్టారు. మట్టల ఆదివారం ఊరేగింపు ఎప్పుడూ చర్చి చుట్టూ తిరిగేది. ఆ ఏడాది శ్మశానం దారిలో తీసుకెళ్ళి, దారి ఆగిపోయిన చోట నాటకం వేశాం. పాస్టరు గారు అక్కడే ప్రార్థన చేశారు. మర్నాడు సోమవారం, ఊళ్ళో వాళ్ళ సంతకాలతో కలెక్టరేట్‌కి అర్జీ పట్టుకెళ్ళాం. సర్వేయర్ వచ్చాడు, కొలిచాడు, సగం దూరం గ్రావెల్ పడింది. మిగతా సగం కోసం ఇంకా తిరుగుతున్నాం. అర్జీ లేకుండా నాటకం ఒక్కటే వేసి ఉంటే ఆ సగం కూడా పడేది కాదు. నాటకం లేకుండా అర్జీ పెడితే ఇంటికొక్కరు సంతకం పెట్టేవాళ్ళు కాదు, భయం.

ఇంకో సంగతి. మా చర్చిలో కీబోర్డు ఉంది, రిథమ్ ప్యాడ్ ఉంది. డప్పు మాత్రం చాలా ఏళ్ళు గుమ్మం దాటలేదు. "అది చావుకి కొట్టేది, పాత జీవితం" అనేవాళ్ళు. మా తాత తోలు బిగించి, మంట దగ్గర కాచి, సిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని వాయిస్తే ఊరు లేచి నిలబడేది. ఆ చేతులతో దేవుణ్ణి స్తుతించకూడదని ఏ వాక్యం చెప్పింది? ఇప్పుడు ఈస్టర్ తెల్లవారుజామున మా చర్చిలో డప్పు మోగుతుంది. మీ బుర్రకథలో మా వాద్యానికీ చోటివ్వండి. మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి ఉన్న ఊళ్ళలో ఇలాంటి పని ఇద్దరూ కలిసి చేస్తే అదే సగం న్యాయం.

వంత_పాట · నవంబర్ 4, రాత్రి 8:05

బుర్రకథ అన్నారు కాబట్టి నేనూ మాట్లాడాలి. యాభై ఏళ్ళుగా వంత పాడుతున్నాను. క్రిస్మస్‌లకీ, జాతరలకీ, కుటుంబ నియంత్రణ ప్రచారానికీ పాడాను.

ముగ్గురు కావాలి. మధ్యలో కథకురాలు: భుజాన తంబుర, వేళ్ళకి అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, గుమ్మెటలనే చిన్న డోళ్ళతో. ఒకరు హాస్య వంత, ఒకరు రాజకీయ వంత. హాస్య వంత జనాన్ని నవ్వించి దగ్గరికి లాగుతాడు. రాజకీయ వంత పాత కథ మధ్యలో ఆపి, "ఇది ఇప్పుడు మన ఊళ్ళో జరగట్లేదా?" అని అడుగుతాడు. కాబట్టి చర్చిలో రాజకీయాలు వద్దన్నవాళ్ళకి చెప్పండి, ఆ ప్రశ్న లేకపోతే అది బుర్రకథే కాదు, వట్టి పాట. 1940లలో మోటూరు ఉదయం గారు ఆడవాళ్ళ దళంతో బుర్రకథ చెప్పారు. అందుకని ఆడపిల్లలు తంబుర పట్టుకుంటే ఎవరూ వింతగా చూడక్కర్లేదు.

నేరుగా లేసు మీద మొదలుపెట్టకండి. బైబిలు కథ ఒకటి నడవాలి, దానిలోంచి లేసు రావాలి. నా మనసులో ఉన్నది నాతాను ప్రవక్త కథ. దావీదు తప్పు చేశాడు. నాతాను వచ్చి నేరుగా తిట్టలేదు. ఐశ్వర్యవంతుడు, దరిద్రుడు, ఒక్కటంటే ఒక్క గొర్రెపిల్ల అని కథ చెప్పాడు. రాజుకి కోపం వచ్చి శిక్ష కూడా తనే వేశాడు. అప్పుడు "ఆ మనిషివి నువ్వే" అన్నాడు. రాజు కాబట్టి నాతాను తల పోయేదే, కథ కాపాడింది. ఏజెంటు గారు ముందు వరుసలో కూర్చుంటారు కదా, ఇంతకంటే తగిన కథ లేదు. కాస్త మెత్తగా కావాలంటే జక్కయ్య కథ తీసుకోండి. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. అందులో ఆయనకి కూడా ఒక దారి ఉంటుంది.

సంఘ_సేవకుడు · నవంబర్ 4, రాత్రి 9:00

జక్కయ్య అయితే నాకు అభ్యంతరం లేదు. ప్రభువు అతన్ని చెట్టు మీదుండగా తిట్టలేదు, నీ ఇంటికి వస్తానన్నాడు.

క్రోషా_సూది · నవంబర్ 5, రాత్రి 11:15

అందరికీ వందనాలు. నేను మొగల్తూరు వైపు మనిషిని. లేసు అల్లుతాను. మా అమ్మ అల్లింది, అమ్మమ్మ అల్లింది. మా పాప ఫోన్‌లో చదివి వినిపిస్తే రాయిస్తున్నాను.

పెద్దలు చెప్పిన కథలు రెండూ నాకు తెలుసు. సండే స్కూల్లో చెప్పేదాన్ని కూడా. ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. నాతాను కథలో ధనవంతుడున్నాడు, రాజున్నాడు, ప్రవక్త ఉన్నాడు. గొర్రెపిల్ల పోయిన బీదవాడు ఒక్క మాటా మాట్లాడడు. జక్కయ్య కథలో కూడా డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు గుంపులో ఎక్కడో ఉంటారు, వాళ్ళ పేర్లు తెలియవు. రెండు కథలూ తప్పు చేసిన ఆయన మనసు మారడం గురించి. మా గురించి కాదు.

మీరు మా మీద బుర్రకథ కడుతున్నారు. మమ్మల్ని ఎవరైనా అడిగారా? తమ్ముడి ఊళ్ళో అక్కల్ని అడిగారేమో నాకు తెలియదు. నన్ను అడిగితే ఇది చెప్తాను.

దారం తూచి ఇస్తారు, సరుకు తూచి తీసుకుంటారు. తూకం ఆయన ఇంట్లో. తరుగు వస్తే మా లెక్కలో రాస్తారు. ఆ లెక్క ఆయన పుస్తకంలో ఉంటుంది, మా దగ్గర ఏమీ ఉండదు. పువ్వు ఒక్కటి ముడి తప్పితే మొత్తం విప్పి మళ్ళీ అల్లాలి, విప్పినదానికి కూలి లేదు. మా పువ్వులు తీసుకెళ్ళి వేరేవాళ్ళతో అతికిస్తారు, టేబుల్ గుడ్డ అయ్యాక దాని ధర ఎంతో మేం ఎప్పుడూ చూడలేదు. రోజంతా అల్లినా ఉపాధి హామీ కూలిలో సగం రాదు. నలభై దాటాక కళ్ళజోడు లేకుండా సూది ఎక్కడ పెడుతున్నామో కనపడదు. మెడ నొప్పి సంగతి చెప్పక్కర్లేదు.

అయినా నాకు ఈ పని ఇష్టం. ఇది ఎవరూ రాయరు. లేసు వాళ్ళ బతుకు అంటే అందరూ ఏడుపే రాస్తారు. తెల్ల దారంతో ఏమీ లేని చోట నెమలి వస్తుంది, ద్రాక్ష గుత్తి వస్తుంది. పుస్తకం చూడకుండా నా చేతికి వచ్చిన డిజైను ఒకటుంది, దాన్ని మా ఊళ్ళో అందరూ అల్లుతారు. బెసలేలుని దేవుడు ఆత్మతో నింపాడని మాస్టారు రాస్తే పాప చదివింది. ఇన్నేళ్ళు చర్చికి వెళ్తున్నా ఆ మాట నా పనికి కలిపి ఎవరూ చెప్పలేదు.

మీకు కథ కావాలంటే సంఖ్యాకాండం 27 చూడండి. సెలోపెహాదు కూతుళ్ళు ఐదుగురు. తండ్రి చనిపోయాడు, అన్నదమ్ములు లేరు, ఆడపిల్లలకి భూమి రాదని రూలు. వాళ్ళు ఎవర్నీ పంపలేదు. మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దలందరి ముందు గుడారం గుమ్మంలో నిలబడి "మాకు భాగం ఇవ్వండి" అని వాళ్ళే అడిగారు. మోషేకి జవాబు తెలియక దేవుణ్ణి అడిగాడు. వాళ్ళు చెప్పింది న్యాయమే అని దేవుడు అన్నాడు. రూలు మారింది. ఆ కథ చెప్పండి. అల్లే అక్కలతోనే చెప్పించండి. ఆడపిల్లలు వంత పాడితే చాలు.

పాలకొల్లు_మాస్టారు · నవంబర్ 6, ఉదయం 7:30

అమ్మా, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ కథని ఈ వైపు నుంచి చూడలేదు. తంబుర మీరే పట్టుకోవాలి.

ఒక చిన్న మాట కలుపుతాను. కవి జాషువా గారు పుట్టింది వినుకొండ అయినా కుర్రతనంలో మన రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ చదివేవారు. ఆయనే 1941లో గబ్బిలం రాశారు. గుడిలోకి రానివ్వని మనిషి తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు, మనిషికి లేని ప్రవేశం దానికుంది కాబట్టి. ఆయన క్రీస్తు చరిత్రకి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. భక్తి ఒక చేత్తో, న్యాయం ఇంకో చేత్తో రాసిన కవి కాదు ఆయన. రెండూ ఒకే కలం. ఈ పద్యాలు మన చర్చిల్లో వినపడవు. కానీ మీ బుర్రకథలో కొటేషన్ల కోసం వెతక్కండి. పైన ఈవిడ చెప్పింది చెప్పినట్టే పాటలోకి తెచ్చుకోండి. "తూకం ఆయన ఇంట్లో" అన్న ఒక్క ముక్క చాలు, పల్లవి అవుతుంది.

లంక_గాలి · నవంబర్ 6, రాత్రి 11:50

కువైట్ నుంచి అక్కా. లంక గ్రామం మాది. ఇంటి పనికి వచ్చాను, ఏడుగురు ఉండే ఇల్లు. నేనూ లేసు అల్లేదాన్నే. ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టలేక వచ్చాను. 2022 జూలై వరదకి ఇల్లు నానిపోయింది, తర్వాత అప్పు పెరిగింది. మన వైపు గల్ఫ్‌కి వచ్చిన ఆడవాళ్ళలో సూది పట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ సంగతి కూడా కథలో రానివ్వండి. ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళని ఇంటి పనికి పంపకూడదని ప్రభుత్వం రూలు ఉంది. అయినా ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కించేస్తున్నారు. అలా వచ్చిన పిల్లలకి ఇక్కడ ఏదైనా జరిగితే కాగితం ఉండదు, దిక్కు ఉండదు. శుక్రవారం ఇక్కడ తెలుగు ఆరాధనలో కలుస్తాం, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటాం. మీ బుర్రకథ అయ్యాక పాట ఆడియో పంపండి, మేం ఇక్కడ పాడుకుంటాం. గుమ్మెటలకి డబ్బు తక్కువైతే మేం నలుగురం వేసి పంపుతాం.

భీమవరం_లాయరు · నవంబర్ 7, సాయంత్రం 5:25

అక్కలకీ తమ్ముడికీ నమస్తే. నాటకం గురించి నాకు తెలియదు. దాని పక్కన నడవాల్సిన కాగితాల గురించి చెప్తాను. డప్పు అన్న అర్జీ సంగతి చెప్పారు చూడండి, అది చాలా ముఖ్యం.

నరసాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. పేపర్లో చూసి అందరూ సంతోషించారు. కానీ ట్యాగ్ ఉన్నంత మాత్రాన అల్లే మనిషికి పైసా రాదు. 1999 నాటి జీఐ చట్టం ప్రకారం ఆ పేరు వాడుకుని అమ్ముకోవాలంటే అధీకృత వినియోగదారుగా చెన్నైలోని రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఈ నమోదు వ్యాపారులకి మాత్రమే అనుకుంటారు. కాదు, తయారుచేసే చేతివృత్తి మనిషి కూడా చేసుకోవచ్చు. 2020లో ఫీజు 500 నుంచి 10 రూపాయలకి తగ్గించారు. మీ సంఘంలో చదువుకున్న పిల్లలు ఉన్నారు కదా, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని ఫారాలు నింపండి. హస్తకళల శాఖ ఇచ్చే కళాకారుల గుర్తింపు కార్డు, అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ-శ్రమ్ నమోదు కూడా అప్పుడే చూడండి. ఈ-శ్రమ్‌కి 16 నుంచి 59 ఏళ్ళ వాళ్ళు అర్హులు. ఆ కార్డుల మీద "లేసు కార్మికురాలు" అని పడటమే పెద్ద మార్పు. మాస్టారు చెప్పిన "ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంటుంది" అనే మాటకి అది రాతపూర్వక జవాబు.

బుర్రకథలో ఏజెంటు గారు గుర్తుపట్టేలా ఏ వివరమూ పెట్టకండి. పరువు నష్టం కేసు సంగతి అలా ఉంచి, ఊళ్ళో ఆయన పిల్లలు కూడా తిరగాలి.

ఇంకో సంగతి, ఇది చాలామంది బయటికి అనరు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి ఇవ్వలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళు వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ కిందకి వస్తారు. ఇది అన్యాయమని సంఘాలు ఏటా ఆగస్టు 10న నల్ల దినం పాటిస్తున్నాయి. రంగనాథ్ మిశ్రా కమిషన్ మార్చమని 2007లోనే చెప్పింది. 2022లో ఇదే చూడటానికి కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. బాప్తిస్మం తీసుకుంటే కులం వాళ్ళని వదిలేస్తుందా? శ్మశానం దారి దగ్గర, టీ గ్లాసు దగ్గర వదలని కులం సర్టిఫికెట్ దగ్గర మాత్రం వదిలేస్తుంది. ఇదెక్కడి న్యాయం అని కోర్టులో నిలబడి ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ అది మారేదాకా మీ వేదిక ఎక్కే ప్రతి కుటుంబానికీ, క్రైస్తవులని బయటపడితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందేమోనని, పిల్లల సీట్లు, ఉద్యోగాల టెన్షన్ ఉంటుంది. అందుకని ముఖాలు కనపడేలా వీడియోలు తీసి పెట్టకండి. ఎవరు ఎక్కాలో వాళ్ళే తేల్చుకోవాలి, మొహమాటపెట్టొద్దు. వద్దన్నవాళ్ళకి విశ్వాసం తక్కువని అనొద్దు.

డప్పు_దరువు · నవంబర్ 7, రాత్రి 7:10

లాయరక్క చివర్లో అన్నది అందరూ రెండుసార్లు చదవండి. మా నాటకం వీడియో ఎవరో వాట్సాప్‌లో పెడితే ఒక అబ్బాయి ఉద్యోగం ఇంటర్వ్యూ ముందు రెండు నెలలు నిద్రపోలేదు.

కాలువగట్టు_కుర్రాడు · నవంబర్ 19, రాత్రి 10:00

ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి, చెప్పడానికి ఏదైనా జరగాలని ఆగాను.

ముందు మా ఊరి అక్కల దగ్గరకి వెళ్ళాం, స్త్రీల సమాజం ప్రార్థన అయ్యాక. సెలోపెహాదు కూతుళ్ళ కథ మా కూటంలో చెల్లెలు చదివింది. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం మొదలుపెట్టారు, రాత్రి పదయినా ఆగలేదు. ముగ్గురు వేదిక ఎక్కుతామన్నారు. ఇంకో ఇద్దరు పాట కడతాం కానీ ఎక్కం అన్నారు, సరే అన్నాం. వాళ్ళకి కావాల్సింది మేం అనుకున్నది కాదు. మేం కూలి పెంచమని అడుగుతారనుకున్నాం. వాళ్ళు ముందు చీటీ కావాలన్నారు. ఎంత దారం ఇచ్చారో, రేటు ఎంతో రాసిన చీటీ. అది చేతిలో ఉంటే రేటు సంగతి తర్వాత తామే మాట్లాడుకుంటామన్నారు.

అయ్యగారు చెప్పినట్టు ఏజెంటు గారితో ముందే మాట్లాడాం. పాస్టరు గారు, ఇద్దరు అక్కలు, నేను వెళ్ళాం. మొదట బాగా కోప్పడ్డారు. "నేను బియ్యం ఇచ్చినప్పుడు ఎవరూ చీటీ అడగలేదే" అన్నారు. పెద్దక్క "ఆ బియ్యం మా పిల్లలు తిన్నారు బాబూ, మర్చిపోలేదు. ఇది బియ్యం కాదు, మా పని" అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పైన ఎగుమతిదారు తనకెంత ఇస్తున్నాడో చెప్పారు. అది కూడా తక్కువే. చీటీకి ఒప్పుకున్నారు. తూకం చర్చి అరుగు మీద వేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. రేటు మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయారు.

పెద్దలు క్రిస్మస్ రాత్రి వద్దన్నారు. డిసెంబర్ మధ్యలో సెమీ క్రిస్మస్ రోజు ముప్పావుగంట ఇచ్చారు. మాకు అది చాలు. ఏజెంటు గారు వస్తారో రారో తెలియదు. లాయరు గారు చెప్పిన ఫారాలు నింపడానికి అంతకు ముందు ఆదివారం పెట్టుకున్నాం. ఫోన్లు బయటే పెట్టాలని చెప్పేశాం. డప్పు అన్నా, మీరు వస్తానంటే మాదిగపేట సంఘం కుర్రాళ్ళు ఇద్దరు మీ దగ్గర దరువు నేర్చుకుంటామంటున్నారు.

సంఘ_సేవకుడు · నవంబర్ 20, ఉదయం 6:00

తమ్ముడూ, యెహోషువ 17 కూడా చదవండి. మోషే కాలంలో దేవుడు సరేనన్న భూమి కోసం ఆ అక్కచెల్లెళ్ళు కనాను వచ్చాక యెహోషువ ముందు మళ్ళీ నిలబడి అడగాల్సి వచ్చింది. అప్పుడే చేతికి వచ్చింది. రేటు సంగతి అక్కడితో వదలకండి. నేను ఏజెంటు గారిని ఒకసారి కలుస్తాను, మా తోడల్లుడికి ఆయన స్నేహితుడు. ఎగుమతిదారు దగ్గరకి ఆయన, అక్కలు కలిసి వెళ్ళే మార్గం ఉందేమో అడుగుతాను. సెమీ క్రిస్మస్‌కి మా సంఘం నుంచి వ్యాన్ వేసుకుని వస్తాం.

వంత_పాట · నవంబర్ 20, మధ్యాహ్నం 12:20

గుమ్మెటలు రెండూ నా దగ్గరున్నాయి, కొనొద్దు. తంబుర తీగ మార్చాలి, నేను చూసుకుంటాను. ముప్పావుగంట అంటే కథకి అరగంట, మిగతాది రాజకీయ వంతకి వదలండి. శనివారం బస్సుకి వస్తాను, ఎవరైనా స్టాండు దగ్గరకి రండి.

క్రోషా_సూది · నవంబర్ 20, రాత్రి 10:40

చీటీ అని అడిగారు కదా, మేం ఇక్కడ రాసుకున్నది పెడుతున్నాను. పాప టైపు చేసింది. తేదీ. దారం తూకం. డిజైను పేరు. డజనుకి రేటు. ఎప్పటికి ఇవ్వాలి. ఇచ్చిన తేదీ, తూకం. తరుగు ఎంత, ఎందుకు. విప్పి మళ్ళీ అల్లమంటే దానికి ఎంత. మొత్తం. ముట్టింది ఎంత, బాకీ ఎంత. కింద ఇద్దరి సంతకాలు. కార్బన్ పేపర్ పెట్టి రెండు కాపీలు రాయండి, ఒకటి అల్లే మనిషి దగ్గరే ఉండాలి. సంతకం రానివాళ్ళ చేత వేలిముద్ర వేయించకండి, పేరు రాయడం నేర్పించండి, వారం పట్టదు.